తల ఊపుతారు, దోమతెర కట్టుకోరు: ఏజెన్సీ ఊళ్ళలో జబ్బుల గురించి ఎలా చెప్పాలి?

ప్రశ్న: పాడేరు వైపు ఒక మండలంలో ఎంఎల్‌హెచ్‌పీగా (పల్లెల్లో మధ్యస్థాయి ఆరోగ్య ఉద్యోగిగా) చేరి ఆరు నెలలైంది. మలేరియా గురించి, విరేచనాల గురించి ప్రతి ఊళ్ళోనూ మీటింగు పెట్టాను. అందరూ తల ఊపుతారు. వారం తర్వాత వెళ్ళి చూస్తే దోమతెరలు ట్రంకుపెట్టెలోనే ఉంటాయి, చెలమ నీళ్ళే తాగుతుంటారు. ఇది భాష సమస్యా, చదువు లేకపోవడమా? ఫ్లెక్సీలకు కొంత డబ్బు వచ్చింది. వాటి మీద ఏం రాయించమంటారు?

సమాధానం:

అమ్మా, నేను ఈ ఏజెన్సీలోనే మలేరియా విభాగంలో కొన్నాళ్ళు, తర్వాత పీహెచ్‌సీల్లో, మొత్తం 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మీరు రాసింది చదువుతుంటే నా మొదటి రెండేళ్ళు కళ్ళ ముందుకొచ్చాయి. నేనూ మీలాగే చదువు లేకపోవడం వల్లే అనుకున్నాను. కాదు. దోమ కుడితే చలిజ్వరం వస్తుందని ఈ కొండల్లో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. తెలిసీ చేయలేకపోతున్నారంటే మధ్యలో ఏదో అడ్డం ఉంది. ఆ అడ్డం ఊరికొక రకంగా, ఒక్కోసారి ఇంటికొక రకంగా ఉంటుంది. అది కనుక్కోకుండా ఎన్నిసార్లు చెప్పినా మనకు దక్కేది "అలాగే" అన్న మాటే.

నీళ్ళ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే నాకు బుద్ధి వచ్చింది అక్కడే.

హుకుంపేట దాటి లోపలికి వెళ్ళాక ఒక ఊరు, ముప్ఫై గడప ఉంటుంది. ఊరి మొదట్లోనే బోరింగు ఉంది, బాగానే పనిచేస్తోంది. ఆడవాళ్ళు మాత్రం పావుగంట కిందికి దిగి, గెడ్డ (వాగు) పక్కన తీసిన చెలమలో నీళ్ళు ముంచుకుని బిందెలతో పైకెక్కుతారు. నేను మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ ఒకటే పాట పాడాను: చెలమ నీళ్ళు తాగొద్దు, విరేచనాలు పట్టుకుంటాయి అని. మూడుసార్లూ "అలాగే బాబూ" అన్నారు. నాలుగోసారి మీటింగు పెట్టలేదు. ఒక ముసలమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, వాళ్ళ కోడలు ఇచ్చిన చోడి అంబలి తాగి, "బోరింగు నీళ్ళు ఎందుకు వాడరమ్మా" అని అడిగాను. నేను చెప్పడం మానేసి అడిగింది అదే మొదటిసారి. ఆవిడ లోపలికెళ్ళి ఒక గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. లోపల చుట్టూ తుప్పురంగు చార. "ఈ నీళ్ళతో వండితే అన్నం ఎర్రగా అవుతాది బాబూ. పప్పు ఉడకదు. మగోళ్ళు కంచం తోసేస్తారు" అంది.

ఆ నీళ్ళలో ఇనుము ఎక్కువ. ఆ ఊళ్ళో ఆడవాళ్ళకి అది రోజూ రెండు పూటలా ఎదురయ్యే కష్టం, నాకేమో కనిపించనే లేదు. అప్పుడు కూర్చుని మాట్లాడుకున్నాం. వంటకు చెలమ నీళ్ళే వాడుకోండి, ఎలాగూ పొయ్యి మీద తెర్లుతాయి కదా అన్నాను. తాగడానికి మాత్రం బోరింగు నీళ్ళు సాయంత్రం పట్టి మూతపెట్టి ఉంచితే తెల్లారేసరికి ఎర్రమడ్డి అడుక్కి దిగుతుంది. పైతేట మెల్లగా గుడ్డలోకి వంచి వడకట్టుకోవచ్చు. ఆ వాసనే పడనివాళ్ళు చెలమ నీళ్ళనే వడకట్టి, క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగి తాగాలి. ఆరుగురు ఒప్పుకున్నారు, ముప్ఫైలో ఆరుగురు. వర్షాలు పడి పక్క ఊళ్ళో విరేచనాలు మొదలయ్యాక మిగతావాళ్ళు ఆ ఆరిళ్ళకు వెళ్ళి చూసి వచ్చారు. నన్ను అడగలేదు, వాళ్ళనే అడిగారు. అది ఎప్పుడూ అలాగే జరుగుతుంది.

క్లోరిన్ వాసన గురించి కూడా మీకు ఫిర్యాదులు వస్తాయి. "మందు కంపు" అంటారు. వాసన వస్తుంటే మందు ఇంకా నీళ్ళలో పనిచేస్తోందని అర్థం, కాసేపు బిందె మూత తీసి గాలికి ఉంచితే తగ్గుతుంది అని చూపించండి. బావికో ట్యాంకుకో బ్లీచింగు కలిపేటప్పుడు ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళను దగ్గర పెట్టుకుని వాళ్ళ చేత్తోనే కలిపించండి. మంచి బ్లీచింగు అయితే వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు చాలు. పొడి నేరుగా చల్లేయకూడదు. బకెట్లో ముద్దలా కలిపి, తర్వాత నీళ్ళు పోసి, పది నిమిషాలు ఆగితే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్ళే పోయాలి. ఆ తర్వాత గంటసేపు ఎవరూ తోడకూడదు. బస్తా మూతి విప్పి వదిలేస్తే బ్లీచింగులో బలం పోతుందని కూడా ఆ కుర్రాళ్ళకు చెప్పండి. పంచాయతీ గదిలో ఏడాదిగా మూతి విప్పి పడున్న బస్తాలోంచి తీసి చల్లి, "క్లోరినేషన్ చేశాం" అని రాసుకున్న ఊళ్ళు నేను చూశాను.

ఇక దోమతెరలు. పెట్టెలో ఎందుకున్నాయో అడిగారా? నేను అడిగితే వచ్చిన జవాబులు చెబుతాను. ఒకావిడ, కట్టిన రాత్రే పిల్లకి మొహం మండింది, ఏడ్చింది, అందుకే తీసేశాను అంది. మందు పూసిన తెరను ప్యాకెట్టు విప్పగానే కట్టకూడదు. ఒక రోజంతా నీడలో ఆరేసి అప్పుడు కట్టాలి. పంచేటప్పుడు ఆ మాట చెప్పేవాళ్ళు లేరు, సంతకం పెట్టించుకుని ఇచ్చేశారంతే. ఇంకొకాయన, రాత్రుళ్ళు పోడులో మంచె మీద పంటకి కాపలా ఉంటాను, తెర ఇంట్లో ఉంటుంది అన్నాడు. ఇంటిల్లిపాదీ తెరలో పడుకున్నా ఆయన మంచె మీద కుట్టించుకుని జ్వరం తెచ్చుకుంటాడు. ఆ ఇంటికి కావలసింది ఉపన్యాసం కాదు, మంచెకు ఇంకో తెర. ఎక్కువమంది చెప్పిన కారణం మాత్రం నేను కలలో కూడా అనుకోనిది: కట్టడానికి ఏమీ లేదు. మట్టిగోడ, గడ్డికప్పు, ఒకటే గది, ఒక మూల పొయ్యి. నాలుగు మూలలు ఎక్కడ కట్టాలి? ఆ తర్వాత నా సంచిలో పురికొస ఉండ, గుప్పెడు మేకులు, చిన్న సుత్తి ఎప్పుడూ ఉండేవి. ఇంటికి పది నిమిషాలు పట్టేది. రెండు వాసాలకీ రెండు గుంజలకీ తాళ్ళు కట్టేసి, పగలు తెరను మడిచి పైకి దోపుకుంటే పొయ్యి మంట తగలదని చూపించేవాణ్ణి. అలా కట్టి వచ్చిన ఇళ్ళల్లో తెర మళ్ళీ పెట్టెలోకి వెళ్ళడం నేను పెద్దగా చూడలేదు.

ఉతకడం గురించి ఒక్క మాట. తెరలో మందు సుమారు ఇరవై ఉతుకుల దాకా నిలుస్తుంది. బండకేసి బాదకూడదు, ఎండలో ఆరేయకూడదు, గెడ్డలో ఉతకకూడదు. ఆ మందు చేపలకు విషం. గెడ్డలో చేపలు పట్టుకునేవాళ్ళకు ఈ చివరి మాట వెంటనే పడుతుంది, మిగతా రెండిటికీ రెండోసారి చెప్పాలి.

పిచికారీ సంగతి దీనికి తోడుగానే వస్తుంది. గోడలకు మందు కొట్టడానికి వస్తే బయటి గది చూపించి లోపలి గదికి తాళం వేస్తారు. మందు కొట్టాక నల్లులు రేగాయని కోపం. పైగా ఇటుకల పండక్కో ఇంకో పండక్కో గోడలు అలికేస్తారు, మందు మట్టి కింద పడిపోతుంది. వీళ్ళకు ఎవరూ చెప్పనిది ఒకటుంది: దోమను గాల్లో చంపడానికి కాదు మందు. మలేరియా దోమ నెత్తురు తాగాక బరువెక్కి ఎగరలేక పక్క గోడ మీద వాలి కూర్చుంటుంది, మందు దానికోసం ఆ గోడ మీద కాచుకుని ఉంటుంది. ఈ ముక్క చెప్పి, పొద్దున్నే టార్చి వేసి పడకగది గోడ మీద వాలి ఉన్న దోమను చూపిస్తే ఎక్కడ కొట్టాలో, ఎందుకు అలకకూడదో వాళ్ళే చెబుతారు. పండగ ఎప్పుడో ఊరి పెద్దను ముందే అడిగి, అలుకుళ్ళు అయ్యాక పిచికారీ తేదీ పెట్టించడం మీ చేతిలో పని. పైవాళ్ళతో కొంచెం పోట్లాడాల్సి వస్తుంది, పోట్లాడండి.

ఒక తప్పు ఇక్కడ ప్రతి ఏటా చూస్తాను, బాధేస్తుంది. మైదానంలో చెప్పే మాటే తెచ్చి కొండ మీద చెబుతారు. శుక్రవారం డ్రైడే, కుండలు వంచండి, కొబ్బరిచిప్పలు తీసేయండి, పాత టైర్లు పారేయండి అని. అది డెంగీ దోమకు మందు. డెంగీ దోమ ఇంటి చుట్టూ నిలవున్న మంచినీళ్ళలో పెరుగుతుంది, పగలు కుడుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి వంచేస్తే చాలు. మలేరియా దోమ వేరు. ఈ కొండల్లో అది గెడ్డల అంచున మెల్లగా పారే నీళ్ళలో, మడుగుల్లో పెరుగుతుంది. పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా కుడుతుంది. గెడ్డను ఎవరు వంచగలరు? అక్కడ తెర, పిచికారీ, వెంటనే రక్తపరీక్ష, ఈ మూడే ఆధారం. కుండలు వంచమని చెప్పి, వాళ్ళు వంచాక కూడా మలేరియా వస్తే ఇక మన మాట ఎవరు నమ్ముతారు? పాడేరు, అరకు టౌన్లలో డ్రైడే కావాలి. గూడెంలో దానికోసం మీ సమయం పెట్టకండి.

దోమ పురుగును చూపించండి. ఇది నాకు చాలా ఇష్టమైన పని. తెల్ల పళ్ళెంలో గెడ్డ అంచు నీళ్ళు ముంచి కదపకుండా ఉంచితే పురుగులు పైకొస్తాయి. మలేరియా దోమ పురుగు నీటి పైన పడుకున్నట్టు అడ్డంగా ఉంటుంది. మురుగులో పుట్టే మామూలు దోమ పురుగు తల కిందికి పెట్టి వేలాడుతుంది. మన నీడ పడితే చాలు రెండూ కిందికి దూకుతాయి, పిల్లలు కేకలు వేస్తారు. కొన్నిటిని గాజుసీసాలో పోసి, చిరిగిన దోమతెర ముక్క మూతికి కట్టి బడిలో పెట్టించండి. రోజుల్లోనే లోపల దోమలు ఎగురుతుంటాయి. ఆశ్రమ పాఠశాల పిల్లలు ఆ కథ తీసుకుని ఇంటికెళ్ళి తమ భాషలో చెబుతారు. మీరడిగిన భాష సమస్యకు ఇదే నాకు తెలిసిన మందు. తెలుగు అంతగా రాని అవ్వకు మనవరాలు కువిలోనో ఒడియాలోనో చెప్పినట్టు మనం చెప్పలేం. పెద్దపిల్లలకు ఇంకో మాట కూడా చెప్పేవాణ్ణి. దోమ కడుపులో, మలేరియా తెచ్చే కంటికి కనిపించని పురుగును రొనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది ఎక్కడో దూరదేశంలో కాదు, మన సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న. కళ్ళు పెద్దవి చేసుకుని వినేవారు.

ఓఆర్ఎస్ దగ్గర మీరు తప్పక చూడాల్సింది తల్లి చేయి. ప్యాకెట్టు ఇచ్చి ఎలా కలుపుతావమ్మా అని అడగండి, నోటితో చెప్పనివ్వకండి, కలపమనండి. చాలామంది గ్లాసుడు నీళ్ళలో కొంచెం పొడి వేసి మిగతాది మడిచి చూరులో దోపుతారు. కొందరు మొత్తం గ్లాసులో పోసేస్తారు. అది ఉప్పెక్కువై పిల్లకు ఇంకా ప్రమాదం. ఒక ప్యాకెట్టు, ఒక లీటరు, ఒకేసారి. లీటరంటే ఇంట్లో ఏ గిన్నె? ఖాళీ లీటరు నీళ్ళసీసాతో వాళ్ళ గిన్నెలోనే కొలిచి, నీళ్ళు వచ్చిన చోట మేకుతో గీత పెట్టండి. ఆ గీత ఏళ్ళపాటు ఉంటుంది. కలిపినది ఒక రోజు దాటితే పారబోయాలి. రెండేళ్ళ లోపు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ పావు నుంచి అరగ్లాసు, పెద్దపిల్లలకు అర నుంచి గ్లాసు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో మెల్లగా పట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. జింకు బిళ్ళలు 14 రోజులు, విరేచనాలు కట్టినా ఆపకుండా. కళ్ళు లోతుకుపోయినా, పిల్ల మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, రక్తం పడుతున్నా ఇంట్లో చూస్తూ కూర్చోకూడదు, డోలీ కట్టైనా తేవాలి.

ఒక మాట ముందే చెప్పకపోతే ఇదంతా వృథా అవుతుంది. ఓఆర్ఎస్ విరేచనాలను ఆపదు. తల్లి రెండుసార్లు పట్టి, ఇంకా అవుతున్నాయని చూసి, "మందు పట్టలేదు" అని పారేసి సూదిమందు కోసం పరుగెడుతుంది. "నీళ్ళు పోసేకొద్దీ ఇంకా పోతుంది" అనే నమ్మకం దానికి తోడు. నేను అడుగున చిన్న చిల్లున్న డబ్బా ఒకటి దగ్గర ఉంచుకునేవాణ్ణి. చిల్లు దానంతటదే పూడుతుంది, అది పూడేదాకా డబ్బా ఎండిపోకుండా పోస్తూ ఉండడమే మన పని అని వాళ్ళ ముందే నీళ్ళు పోసి చూపించేవాణ్ణి.

ఇంటివాళ్ళే చేయగలరా అని మీకు అనుమానం ఉంటే 1971 సంగతి గుర్తు తెచ్చుకోండి. బంగ్లాదేశ్ యుద్ధం నాటి కాందిశీకుల శిబిరంలో, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో, కలరాతో జనం నేల మీదే పడి ఉన్నారు, సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టించి రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి ముప్ఫై వరకూ ఉన్న చావులు నాలుగులోపుకి దిగాయి. నర్సులు చాలక తల్లులూ అన్నదమ్ములూ చేసిన పని అది.

మందు పూర్తిగా మింగించడం మరో బరువైన పని. మలేరియాలో వైవాక్స్ అనే రకానికి ప్రైమాక్విన్ బిళ్ళలు 14 రోజులు వేసుకోవాలి, జ్వరం మాత్రం రెండు మూడు రోజుల్లోనే పోతుంది. మిగతా బిళ్ళలు ఎందుకో వాళ్ళకు అర్థం కాదు. పురుగు కాలేయంలో దాక్కుంటుంది, నెలల తర్వాత మళ్ళీ లేస్తుంది. పోడు కొట్టి కాల్చిన చోట మోడు మిగిలితే మళ్ళీ చిగురేసినట్టే అంటే ఇక్కడ ఎవరికైనా తెలుస్తుంది. గోడ మీద బొగ్గుతో 14 గీతలు గీసి, రోజుకొకటి కొట్టేసే పని ఇంట్లో పిల్లకు అప్పగించండి. అన్నం తిన్నాకే వేసుకోమనండి. మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపి మీ దగ్గరకు రావాలని మొదటిరోజే చెప్పండి. గర్భిణులకూ పసిపిల్లలకూ ఆ బిళ్ళలు ఇవ్వరని మీకు తెలిసిందే, కానీ ఇంట్లో ఒకరి బిళ్ళలు ఇంకొకరికి ఇచ్చుకుంటారు, కాబట్టి అది కూడా పైకి చెప్పాల్సిందే.

దిసారితో, అంటే జబ్బు చేస్తే పూజలు చేసే ఊరి పూజారితో, తగువు పెట్టుకోకండి. కొత్తలో నేను ఒక ఊళ్ళో అందరి ముందూ ఆయన్ని తప్పుపట్టాను. తర్వాత ఏడాదిపాటు ఆ ఊళ్ళో నాకు రక్తపు చుక్క ఇచ్చినవాళ్ళు లేరు. మరో ఊళ్ళో దిసారి ఇంటికే వెళ్ళి, మీ పూజ మీరు చేయండి, జ్వరం అన్నవాళ్ళను అదేరోజు ఆశా దగ్గరికి కూడా పంపండి, పరీక్షకు పావుగంటే పడుతుంది అన్నాను. పిల్లకు ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలకకపోయినా పూజకు కూడా ఆగొద్దని బతిమాలాను. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. వానాకాలమంతా ఆ ఊరి నుంచి జ్వరాలు రెండో రోజుకే నా దగ్గరికి వచ్చేవి.

మీ మండలంలో ఆంత్రాక్స్ కూడా వినే ఉంటారు. చచ్చిన మేకనో ఆవునో కోసి పంచుకున్నాక చేతుల మీద నొప్పిలేని పుండు, మధ్యలో నల్లటి పెచ్చు. "చచ్చినదాన్ని తినొద్దు" అని చెప్పడం తేలిక. పిల్లలకు నెలకొక్కసారి మాంసం దొరికే ఇంట్లో, వేలు పోసి కొన్న పశువు చచ్చిపోతే పూడ్చిపెట్టమనడం ఎంత పెద్ద మాటో ఆలోచించండి. ఆ పురుగు మట్టిలో పదుల ఏళ్ళు బతికే ఉంటుంది, వండినంత మాత్రాన పోతుందన్న భరోసా లేదు, కోసేటప్పుడే చేతికి అంటుకుంటుంది. ఇవన్నీ చెప్పండి. కానీ అంతకు ముందు పశువైద్యుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి, బతికున్న పశువులకు టీకాలు వేయించి, పశువుల బీమా గురించి ఆయన చేతే చెప్పించండి. ఉత్తచేతులతో వెళ్ళి నష్టపోమని చెప్పకూడదు. హఠాత్తుగా చచ్చిన పశువును కోయకుండా, ఆరడుగుల గోతిలో సున్నం వేసి పూడ్చాలి. ఆ సున్నం బస్తా మనం ఇప్పించాలి.

మరుగుదొడ్ల విషయంలో సిగ్గుపరిచే పద్ధతి ఒకటి ఉంది, మీకు ట్రైనింగులో చెప్పే ఉంటారు. బంగ్లాదేశ్‌లో కమల్ కర్ మొదలుపెట్టిన దాన్నుంచి వచ్చింది. ఊరివాళ్ళ చేతే ఊరి మలమంతా లెక్క కట్టించి, అది ఈగల ద్వారా కంచంలోకి ఎలా వస్తుందో చూపిస్తారు. ఈగ, కంచం సంగతి చూపించడం వరకు మంచిదే. విజిల్ వేసి తరమడం, పేర్లు చదవడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. మైదానం నుంచి వచ్చినవాళ్ళ చేతిలో ఈ జనం ఇప్పటికే చాలా అవమానాలు పడ్డారు. దొడ్డి దగ్గర నీళ్ళున్నాయా లేదా ముందు చూడండి, లేకపోతే అది కట్టెలు పెట్టుకునే గది అవుతుంది.

వెళ్ళే వేళ గురించి. పదకొండింటికి మీటింగు పెడితే వచ్చేది ముసలివాళ్ళు, పసిపిల్లలే. పొద్దున ఆరు లోపు ఊట దగ్గర ఆడవాళ్ళు దొరుకుతారు. రాత్రి అన్నాలయ్యాక మగవాళ్ళు దొరుకుతారు, అప్పుడే తెర కట్టారో లేదో కూడా కనిపిస్తుంది. సంతరోజు ఊళ్ళోకి వెళ్ళకండి, సంతకే వెళ్ళండి. ఒకసారికి ఒకటే విషయం. తెర పని అయ్యేదాకా నీళ్ళ మాట ఎత్తకండి. రిజిస్టరులో ఎంతమంది వచ్చారో రాస్తాం కదా, దాని పక్కన మీకోసం ఇంకో లెక్క రాసుకోండి: ఈ రాత్రి ఎన్ని తెరలు కట్టి ఉన్నాయి, ఎంతమంది తల్లులు నా ముందు లీటరు సరిగ్గా కలిపారు అని.

ఫ్లెక్సీ మీద ఏం రాయించాలని అడిగారు. వీలైతే ఆ పద్దు మార్చమని మీ మెడికల్ ఆఫీసరుగారిని అడగండి. ఆ డబ్బుకి మీ ఊళ్ళన్నిటికీ సరిపడా పురికొస, మేకులు వస్తాయి. ఖాళీ లీటరు సీసాలు పాడేరులో ఏ హోటల్లో అడిగినా ఇస్తారు. పద్దు మార్చడం కుదరదంటే ఫ్లెక్సీ ఒకటే వేయించండి. దాని మీద మాటలు వద్దు. ఆశా పరీక్ష ఎక్కడ చేస్తుందో ఆ ఇంటి బొమ్మ, పక్కన ఆమె ఫోటో పెట్టించి, ఆమె ఒప్పుకుంటే సంతలో కట్టించండి. ముందు మాత్రం మంచె మీద పడుకునేవాళ్ళు ఎందరో లెక్క తీయండి, వానలు దగ్గరికొచ్చేశాయి.